పరామర్శకు మూసిన తలుపు

పాతికేళ్ళుగా మద్రసాలో పాఠాలు చెబుతున్నాను. రోగిని పరామర్శించడం ముస్లింపై తోటి ముస్లింకు గల హక్కు అని ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు. అటువంటి నేనే మా భాయీజాన్ గది గుమ్మంలో నిలబడి, దగ్గుతూ వచ్చిన ఆయన చిన్ననాటి స్నేహితుణ్ణి లోనికి రానీయక తిప్పి పంపాను.

భాయీజాన్‌ది నెమ్మదిగా ముదిరే రక్త క్యాన్సర్. లింఫోసైట్లనే తెల్లకణాలు అవసరానికి మించి పెరుగుతాయి. ప్లీహం ఉబ్బి రక్తకణాలను హరించివేస్తున్నందున దానిని తొలగించాలని నిర్ణయించారు. అంతకుముందు ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చింది కనుక డాక్టరమ్మ ఇమ్యునోగ్లోబులిన్ల పరీక్ష రాశారు. తెల్లకణాలు అన్ని ఉండగా రక్షణకు కొదవేమిటని వాదించాను. "తరగతి నిండా పిల్లలున్నంత మాత్రాన పాఠం వచ్చినట్టేనా, మౌల్వీ సాబ్?" అన్నారామె. నా వద్ద జవాబు లేకపోయింది.

రోగక్రిములను పట్టుకొనే ఈ ప్రొటీన్లలో ఐజీఎమ్ ముందుగా పుడుతుంది. ఐజీఏ లాలాజలంలోనూ తల్లి ముర్రుపాలలోనూ ఉంటుంది. రక్తంలో నాలుగింట మూడు వంతులు ఐజీజీయే. ఆరోగ్యవంతులలో అది డెసిలీటరుకు సుమారు 700 నుండి 1600 మిల్లీగ్రాములు. భాయీజాన్‌కు 380.

ప్లీహం తీసేవారికి కనీసం రెండు వారాల ముందే న్యుమోకోకస్ వంటి క్రిములకు టీకాలు వేస్తారు. ఆయనకూ వేశారు. అయితే ప్రతిరక్షకాలు తయారుచేసే శక్తే సన్నగిల్లిన శరీరంలో టీకా కూడా అంతగా పనిచేయదు. అందుకని వేలాది దాతల ప్లాస్మా నుండి వేరుచేసిన ఐజీజీని సెలైన్‌లా ఎక్కించారు. "ఇందరి రుణం ఎలా తీర్చేదిరా?" అని భాయీజాన్ ఆ సీసాకేసి చాలాసేపు చూశారు.

శస్త్రచికిత్సలో రక్తం పోవడం వల్లా, ఎక్కించిన ద్రవాల వల్లా ఈ ప్రమాణం మళ్ళీ తగ్గవచ్చట. పైగా ఎక్కించిన ఐజీజీ దాదాపు మూడు వారాలలో సగమైపోతుంది. కనుక తదుపరి మోతాదుకు ముందు మరల కొలుస్తారు. ప్లీహం లేనివారికి జ్వరం వస్తే తెల్లవారనిద్దామని ఆగరాదనీ, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకురావాలనీ డాక్టరమ్మ మా భాభీకి రెండుసార్లు చెప్పారు. భాభీ ఆ మాట ఉర్దూలో రాసి ఫ్రిజ్ మీద అంటించారు.

శస్త్రచికిత్స తరువాతి పరీక్షలో 640 వచ్చింది. ఇంకా తక్కువే. ఆ స్నేహితుడు ఇప్పుడు రోజూ అస్ర్ నమాజు తరువాత వచ్చి, కిటికీ అవతల వీధిలో కుర్చీ వేసుకొని కూర్చుంటారు. ఇద్దరూ మగ్రిబ్ అజాన్ దాకా మాట్లాడుకుంటూనే ఉంటారు. నాతో మాత్రం ఆయన సలాంకు జవాబిచ్చి ఊరుకుంటారు.