తలుపులు మూసిన రోజుల్లో

2020 మార్చిలో కరోనాతో హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం మూతపడింది. లాంచీ ఎక్కి వెళ్లే మన నాగార్జునకొండ మ్యూజియందీ అదే దారి. ప్రపంచంలో నూటికి తొంభై మ్యూజియాలు ఆ ఏడాది మూతపడ్డాయని యునెస్కో లెక్క.

మామూలు రోజుల్లో మ్యూజియం వెబ్‌సైట్ తెరిచేది ఎందుకు? టికెట్ ఎంత, ఏ వారం సెలవు, అంతే. తలుపులు మూశాక వచ్చేవాళ్లు వేరు. వాళ్లు చూడ్డానికే వస్తారు. మా బొల్లాపల్లిలో మంచం మీద కూర్చుని, సాలార్‌జంగ్‌లోని, బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెకాను ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసి చూశాను. పాలరాతి ముసుగు మడతల వెనక ముక్కు, పెదవులు, వాలిన కనురెప్పలు. జనం తోసుకుంటుంటే అంత నింపాదిగా ఎవరు నిలబడనిస్తారు?

అయితే అక్కడి గంట కొట్టే బొమ్మ గడియారం మాత్రం ఫోన్‌లో చప్పగా ఉంది. పక్కన పిల్లల కేరింతలుంటేనే దానికి అందం.

నా బెంగంతా నాగార్జునకొండ గురించే. అక్కడున్నవి తవ్వకాల్లో దొరికిన ఇక్ష్వాకుల నాటి శిల్పాలు, మన పల్నాటి సున్నపురాతివి. లాంచీ ఎక్కలేని ముసలివాళ్లు మా ఊళ్లో ఎందరో. ఆ ఫలకాల మీది కథల్ని తెలుగులో చెబుతూ, రెబెకాను నేను చూసినంత దగ్గరగా వాళ్లకూ ఫోన్‌లో చూపించాలి.