సొమ్మొకడిది... సీడీ ఒకడిది!

'ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారు' అని మన మీద మనమే వేసుకునే జోకు ఒకటుంది. అది తాగేవాడి గురించి. మరి ఊరికే వచ్చినదాన్ని సీసాలో పోసి అమ్మేవాడి సంగతేమిటి? వాడు తెలివైనవాడా, మోసగాడా? లేక సీసా ఖరీదు రాబట్టుకుంటున్న మామూలు మనిషా? ఈ ప్రశ్న మా అక్క కొడుకు పుణ్యమా అని మా ఇంట్లోకి వచ్చింది.

వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. జీతం కొత్త సాఫ్ట్‌వేర్ మీద, ప్రేమ పాత సాఫ్ట్‌వేర్ మీద. 1980ల్లో, 90ల్లో వచ్చిన డాస్ ఆటలు, టైపింగ్ నేర్పే ప్రోగ్రాములు, ఇంటి ఖర్చులు రాసుకునే చిన్న చిన్న లెక్కల పుస్తకాలు... ఇలాంటివన్నీ ఏరి దాస్తుంటాడు. ఇప్పటి కంప్యూటర్లలో అవి నేరుగా నడవవు. నడిపించడానికి డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము కావాలి. వాడు దాన్ని సర్ది, పాతవాటిని ఒక్కొక్కటీ నడిపి చూసి, చెడిపోయినవి తీసేసి, దేన్ని ఎలా వాడాలో తలా నాలుగు ముక్కలు రాసిపెట్టాడు. ఓ ఆదివారం భోజనాల దగ్గర అడిగాడు.

"మామయ్యా, ఇవన్నీ ఓ పెన్‌డ్రైవ్‌లో పెట్టి నాలుగొందలకి అమ్ముదామనుకుంటున్నా. అన్నీ ఫ్రీగా పంచుకోవచ్చని రాసినవే. తప్పేముంది?"

నేను నోరు తెరిచేలోగా అక్క అందుకుంది. "ఫ్రీ అని వాళ్లు రాస్తే, నాలుగొందలని నువ్వెలా రాస్తావురా?"

"రెండేళ్ల ఆదివారాలు పోశానమ్మా దీనికి!"

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అదే చిక్కు.

ఎండాకాలంలో బస్టాండు దగ్గర చలివేంద్రం పెడతారు. కుండలో నీళ్లు ఎవరైనా తాగొచ్చు. ఓ కుర్రాడు ఆ నీళ్లే చెంబులో పట్టుకుని, బస్సు దిగలేని ముసలమ్మకి కిటికీలోంచి అందించి రూపాయి అడిగాడనుకోండి. ఆ రూపాయి నీళ్లకి కాదు, నడకకి. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ వాడు చలివేంద్రం బోర్డు మీద గుడ్డ కప్పి 'ఇక్కడ నీళ్లు అమ్మబడును' అని రాస్తే? నీళ్లు అవే, రూపాయి అదే. పని మాత్రం వేరు.

ఈ తగాదా మా ఇంట్లో మొదలైంది కాదు. దీనికి నలభై ఏళ్లు దాటాయి. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్మన్ అనే ఆయన, ఒక కంప్యూటర్‌ని ఫోను లైను ద్వారా ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడించే పీసీ-టాక్ అనే ప్రోగ్రాము రాశాడు. దాన్ని పెట్టెలో పెట్టి షాపులో అమ్మలేదు. కాపీ చేసుకోండి, స్నేహితులకివ్వండి, నచ్చితే 25 డాలర్లు పంపండి అన్నాడు. దాదాపు అదే సమయంలో జిమ్ నాఫ్ అనే ఐబీఎం ఉద్యోగి పీసీ-ఫైల్ అనే ప్రోగ్రాముని ఇలాగే వదిలి, మొదట్లో పది డాలర్లు అడిగాడు. జనం నిజంగానే పంపారు. ఎంతగా అంటే, 1984లో ఆయన ఐబీఎం ఉద్యోగం వదిలేసి దీన్నే బతుకుతెరువు చేసుకున్నాడు. ముందు వాడిచూసి తర్వాత డబ్బు కట్టే ఈ పద్ధతికే షేర్‌వేర్ అని పేరు స్థిరపడింది.

మైక్రోసాఫ్ట్ తొలినాటి ఉద్యోగుల్లో ఒకరైన బాబ్ వాలెస్ 1983లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆయన రాసిన పీసీ-రైట్ ఫ్లాపీ పది డాలర్లు. నచ్చి రిజిస్టర్ చేసుకుంటే 75 డాలర్లు. మీరిచ్చిన కాపీ వల్ల ఇంకొకరు రిజిస్టరైతే మీకు 25 డాలర్ల కమీషన్! అంటే చేతులు మార్చేవాడి శ్రమకి కూడా విలువ ఉందని ఆ రచయితే ఒప్పుకున్నాడన్నమాట.

అప్పుడు ఇళ్లలో ఇంటర్నెట్ లేదు. ఐబీఎం పీసీ ఫ్లాపీలో పట్టేది 360 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటో అందులో పట్టదు. ప్రోగ్రాము ఊరు దాటాలంటే ఎవరో ఒకరు ఫ్లాపీ కొని, కాపీ చేసి, కవరులో పెట్టి, తపాలా బిళ్ల అంటించాలి. అలా కాపీలు తీసి అమ్మే వ్యాపారులు పుట్టుకొచ్చారు. వాళ్లు లేకపోతే రచయిత పేరు పక్క వీధి దాటేది కాదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఫ్లాపీకి నాలుగైదు డాలర్లు కట్టినవాడు 'ప్రోగ్రాము కొనేశాను' అనుకున్నాడు. అమ్మినవాడు 'కాదు బాబూ, ఇది ఫ్లాపీ ఖరీదే, నచ్చితే రచయితకి విడిగా పంపాలి' అని చెప్పలేదు. కొన్నవాడికి తృప్తి, అమ్మినవాడికి లాభం, రాసినవాడికి సున్నా. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. 1987లో షేర్‌వేర్ రచయితలు సంఘం పెట్టుకుని, డిస్కులు అమ్మేవాళ్లకి నియమాలు రాయాల్సి వచ్చింది. అమ్మొద్దు అని కాదు, తాము ఏం అమ్ముతున్నామో కొనేవాడికి తెలిసేలా చెప్పమని.

నిజాయతీగా పంచినవాళ్లూ ఉన్నారు. కమొడోర్ కంపెనీ అమిగా కంప్యూటర్‌ని 1985లో తెచ్చింది. మరుసటేడు నుంచీ ఫ్రెడ్ ఫిష్ అనే ప్రోగ్రామరు ఆ కంప్యూటర్ కోసం పంచుకోదగ్గ ప్రోగ్రాములను ఏరి, ఫ్లాపీలకి వరస నంబర్లు వేసి వదలడం మొదలుపెట్టాడు. 1994 నాటికి అవి వెయ్యి దాటాయి. ప్రపంచం నలుమూలలా అమిగా అభిమానుల సంఘాలు వాటిని కాపీలు తీసుకునేవి. చేతులు మారింది చాలావరకు ఫ్లాపీ ఖర్చే. 2007లో ఆయన పోయాడు. 'ఫిష్ డిస్క్' అన్న పేరు మాత్రం ఆ తరం వాళ్ల నోట ఇంకా ఉంది.

ఇక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ సంగతి చూడండి. తాను రాసిన ఈమ్యాక్స్‌ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చన్న మనిషే, 1985లో దాన్ని టేపు మీద కావాలన్నవాళ్లకి 150 డాలర్లకి అమ్మాడు. 'ఉచితం అన్నావు, డబ్బెందుకు?' అని అడిగితే ఆయన దగ్గర సమాధానం ఉంది. ఆయన చెప్పే 'ఫ్రీ'కి అర్థం డబ్బు లేకపోవడం కాదు, కట్లు లేకపోవడం. ఆయన రాసిన జీపీఎల్ లైసెన్సు ప్రకారం ఎంతకైనా అమ్ముకోవచ్చు. కానీ కొన్నవాడికి మూలకోడ్ అందేలా చూడాలి. వాడు దాన్ని పదిమందికి ఊరికే పంచితే నోరెత్తకూడదు. మావాడు వాడే డాస్‌బాక్స్ కూడా జీపీఎల్ కిందిదే.

1991లో కాలిఫోర్నియాలో మొదలైన వాల్‌నట్ క్రీక్ సీడీరామ్ అనే కంపెనీ చేసిన పని నాకు మరీ నచ్చింది. సిమ్‌టెల్ అనే పెద్ద డాస్ ప్రోగ్రాముల భాండాగారాన్ని సీడీల మీద అమ్మేది. ఒక్క సీడీలో 650 మెగాబైట్లు. అంటే పాత 360 కిలోబైట్ల ఫ్లాపీలు పద్దెనిమిది వందల పైచిలుకు! అదే కంపెనీ అవే ఫైళ్లను తన కంప్యూటర్ నుంచి ఎవరైనా ఊరికే దించుకునేలా తెరిచి కూడా పెట్టింది. ఓపిక ఉంటే దించుకో, లేకపోతే సీడీ కొనుక్కో. చలివేంద్రం బోర్డు మీద గుడ్డ కప్పకుండా చెంబు అమ్మడం అంటే ఇదే.

అమ్ముకోండని రచయితలే పిలిచి చెప్పిన సందర్భమూ ఉంది. 1993 డిసెంబరులో డూమ్ ఆట విడుదలైనప్పుడు దాని మొదటి భాగాన్ని షేర్‌వేర్‌గా వదిలారు. దుకాణాలవాళ్లు ఆ భాగాన్ని పెట్టెలో పెట్టి అమ్ముకుని, ఆ డబ్బంతా వాళ్లే ఉంచుకోవచ్చన్నారు. మిగతా భాగాలు కావాలంటే ఆటగాడు కంపెనీకే డబ్బు కట్టాలి కదా! ఉచితం వెనక అంత లెక్క ఉంది.

కాబట్టి 'ఫ్రీ' అన్న ఒక్క అక్షరం వెనక ఒకటి కాదు, చాలా మాటలున్నాయి. హక్కులన్నీ వదులుకున్నవి కొన్ని. ఊరికే పంచండి కానీ అమ్మొద్దు అన్నవి కొన్ని. ఫ్లాపీ ఖర్చు మాత్రం తీసుకోండి అన్నవి, వాడి చూసి డబ్బు పంపండి అన్నవి, అమ్ముకోండి కానీ కోడ్ దాచొద్దు అన్నవి ఇంకొన్ని. ఆ మాట ఎక్కడుంటుందంటే, ప్రోగ్రాముతో పాటు వచ్చే 'రీడ్‌మీ' అనే చిన్న ఫైలులో. పేరే 'నన్ను చదువు' అని. మనం చదవం.

నాకు వేమన గుర్తొస్తాడు. వేమన పద్యాలకి యజమాని లేడు. ఎవరైనా అచ్చేసుకోవచ్చు, బస్టాండులో అమ్ముకోవచ్చు. బ్రౌన్ దొర పండితులకి జీతాలిచ్చి తాళపత్రాలకి నకళ్లు రాయించి, 1829లో ఆ పద్యాలను పుస్తకంగా తెచ్చాడు. కాగితం, సిరా, శ్రమ... వీటికి వెల కట్టడం ఎవరికీ తప్పనిపించలేదు. కానీ ఏ ప్రచురణకర్తయినా చివరి పాదంలోని మకుటం తీసేసి తన పేరు పెట్టుకుంటే ఊరుకుంటామా? రీడ్‌మీ ఫైలు ఆ ప్రోగ్రాము మకుటం. దాన్ని తీసేసి అమ్మిన సంకలనం ఎంత చక్కగా సర్దినా దొంగసొత్తే.

మన భాషకీ ఇలాంటి దాతలున్నారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో తెలుగు ఫాంట్లు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అవి లినక్స్‌లోకి కూడా చేరాయి. కంప్యూటర్‌లో తెలుగు కనిపించడమే గగనంగా ఉన్న రోజుల్లో అదెంత మేలో అప్పటివాళ్లకి తెలుసు. ఆ ఫాంట్లను సీడీలో వేసి ఎవరైనా కాపీ ఖర్చు తీసుకుంటే నేను కాదనను. పేరు చెరిపి 'మా సొంత తయారీ' అంటే మాత్రం, మళ్లీ ఎవరైనా అలా ఇవ్వడానికి చెయ్యి చాపుతారా?

ఇందులో ఇంకో పేచీ ఉంది. కంపెనీ మూతపడింది, రచయిత జాడ లేదు, అడిగేవాడు లేడు. 'అబాండన్‌వేర్' అని ముద్దుపేరు పెట్టి అవన్నీ జనం సొత్తే అనుకుంటారు. చట్టం అలా అనదు. మన దేశంలో కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. అమెరికాలో 1982లో ఒక కంపెనీ తన పేరుతో విడుదల చేసిన ప్రోగ్రాముకి 95 ఏళ్లు, అంటే 2077 చివరిదాకా. తలుపు తాళం వేసి ఉన్నంత మాత్రాన ఇల్లు మనది కాదు.

అయితే ఒక్క నిజం చెప్పకపోతే అన్యాయం. ఆ రోజుల్లో ఎవరినీ అడగకుండా సీడీలు నింపి అమ్మిన ఆశపోతుల వల్లే చాలా ప్రోగ్రాములు ఇవాళ మిగిలాయి. ఫ్లాపీలు బూజు పట్టాయి, రచయితల దగ్గరా కాపీలు లేవు. జేసన్ స్కాట్ అనే సేకర్త అలాంటి పాత షేర్‌వేర్ సీడీలను వెతికి ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా వాటి గుట్టలున్నాయి. దురాశతో చేసిన పనికి మంచి ఫలితం రావొచ్చు. అంతమాత్రాన దురాశ మంచిదైపోదు, ఫలితాన్ని పారేయనూ కూడదు.

ఈ మాటలన్నీ మావాడికి ఒక్క పూటలో చెప్పలేదు. వాడే కూర్చుని రీడ్‌మీలన్నీ చదివాడు. అమ్మొద్దన్నవి తీసేశాడు. ఏమీ రాయనివాటిని పక్కన పెట్టి, దొరికిన చిరునామాలకి ఉత్తరాలు రాశాడు. చాలా ఉత్తరాలు చిరునామా లేదంటూ తిరిగొచ్చాయి. ఒకాయన మాత్రం, తన ఆటని ఇంకా ఎవరో ఆడుతున్నారని తెలిసి సంతోషపడి, అమ్ముకోమని, తన ఫైలు మాత్రం తీయొద్దని జవాబిచ్చాడు. ఇంకొకాయన మర్యాదగా వద్దన్నాడు. వద్దన్నది బయటికి పోయింది. జవాబు రానివీ బయటే ఉన్నాయి. మౌనం అర్ధాంగీకారం అన్నది పెళ్లిచూపుల్లో చెల్లుతుందేమో, పరాయి సొత్తు దగ్గర చెల్లదు.

పెన్‌డ్రైవ్‌లో సరుకు సగమైంది. ధర రెండొందల యాభైకి దిగింది. అట్ట మీద 'ఇందులో ఉన్నవన్నీ ఉచితంగా దొరుకుతాయి. మీరిచ్చేది పెన్‌డ్రైవ్ ఖరీదు, ఏర్చి కూర్చిన శ్రమ. ప్రతి ఫోల్డరులో రచయిత పేరు, షరతులు ఉన్నాయి' అని రాశాడు. ఏది ఎక్కడ దొరుకుతుందో చిరునామాలు కూడా ఇచ్చాడు. అక్క చదివి, "ఇలా రాస్తే ఎవడు కొంటాడురా?" అంది.

నాకు తెలిసి కొనేవాళ్లు కొంటారు. వెతకడానికి తీరిక లేనివాళ్లు, ఏది నడుస్తుందో ఏది నడవదో తెలియనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లకి శ్రమ అమ్మడం గౌరవమైన వ్యాపారమే. ఇది ఉచితమని కొనేవాడికి చెప్పి కూడా అమ్మగలిగితే అది మన కష్టార్జితం. చెబితే అమ్ముడుపోదని భయమేస్తే, మనం అమ్ముతున్నది మన శ్రమ కాదు, ఎదుటివాడి తెలియనితనం.