అక్షరానికీ అంతస్తులు

1980లలో అమెరికాలో కంప్యూటర్ ప్రింటర్ల గురించి మాట్లాడేటప్పుడు ‘లెటర్ క్వాలిటీ’ అన్న మాట పదే పదే వినిపించేది. టైప్‌రైటర్ మీద కొట్టిన ఉత్తరంలా అచ్చు రావడమని దాని అర్థం. ఆ గౌరవం డైసీ వీల్ ప్రింటర్లకు దక్కింది. వాటి చక్రానికి పూరేకుల్లా అమర్చిన పుల్లల చివర పూర్తి అక్షరాలుండేవి. పని నెమ్మది, ధర ఎక్కువ.

ఇళ్ళలోకి ఎక్కువగా వచ్చింది డాట్ మాట్రిక్స్. సన్నని సూదులు రిబ్బనును పొడుస్తూ చుక్కలతో అక్షరం కట్టేవి. చవక రకాలలో అక్షరం ఎత్తు ఏడు చుక్కలే. కమడోర్ ఎంపీఎస్-801లో ఇంగ్లీషు చిన్నబడి జి, పి, వైల తోకలు గీత కిందికి దిగలేక పైకి ముడుచుకునేవి. ఒత్తులు రాసే మనకు ఆ ఇరుకు వెంటనే అర్థమవుతుంది. 1980లో వచ్చిన ఎప్సన్ ఎంఎక్స్-80 తొమ్మిది సూదులతో ఆ తోకలకు చోటిచ్చింది. సెకనుకు 80 అక్షరాలు కొట్టేది.

ఈ చరిత్రను సాధారణంగా సూదులు, వేగం, ధరల లెక్కగానే చెబుతారు. సాహిత్య పరిశోధకురాలిగా నా చూపు మరోచోట ఆగుతుంది. అంతకు ముందు దశాబ్దాల ఇంగ్లీషు పరిశోధన గ్రంథాల ముందుమాటల్లో, రాతప్రతి టైపు చేసిన భార్యకు కృతజ్ఞత చెప్పడం మామూలు. చాలాసార్లు ఆమె పేరు కూడా ఉండదు. ఆయన ఒక పేరా మారిస్తే పేజీలకు పేజీలు మళ్ళీ కొట్టింది ఆమె వేళ్ళే.

ఇంటి ప్రింటరు మార్చింది సరిగ్గా ఈ పనినే. దిద్దిన చోట దిద్దితే చాలు, మిగతాదంతా యంత్రం మళ్ళీ అచ్చు వేస్తుంది. చిల్లుల అంచులు చింపి పేజీలు విడదీసే పని మిగిలింది, నిజమే. అయినా భార్య చేత టైపు చేయించుకునే సౌకర్యం ఎన్నడూ లేని రచయిత్రికి ఇది చిన్న సంగతి కాదు.

కానీ ఆ దశాబ్దంలో ఎందరో సంపాదకులు డాట్ మాట్రిక్స్ ప్రతులు పంపవద్దన్నారు. కళ్ళకు శ్రమ అన్నారు. మసక రిబ్బను అచ్చు చదివితే కళ్ళు నొప్పి పెట్టే మాట నిజమే. అయితే ఖరీదైన ప్రింటరు కొనలేనివాళ్ళ రాత, చదవకముందే గడప బయట ఆగిపోయింది. 1984లో వచ్చిన హెచ్‌పీ లేజర్‌జెట్ అచ్చు నున్నగా ఉండేది, కానీ దాని ధర 3,495 డాలర్లు.

సంపాదకుల కళ్ళ శ్రమ నియమాలలోకి ఎక్కింది. అన్నేళ్ళ ఆడవాళ్ళ చేతుల శ్రమ మాత్రం ముందుమాటలో ఒక్క వాక్యంతో సరిపోయింది. శుభ్రమైన అచ్చు ప్రతిని చూసినప్పుడల్లా, దాన్ని అంత శుభ్రంగా చేసిందెవరని అడగడం కూడా సాహిత్య విమర్శ పనే.