మా గోడ నీలం

రంజాన్‌కు ముందే ఇంటికి రంగులు వేయించాలని ఆఫీసులో నాలుగు రోజులు సెలవడిగాం. చీటీ మీద సంతకం పెడుతూ డెస్కు పెద్దాయన నవ్వాడు. "ఇంకేముంది సాబ్, పచ్చ రంగేగా!" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మొదట ఫోన్ చేసేది ఆయనే. మేమూ నవ్వాం. ఇలాంటి మాటలకు నవ్వడం మాకు ఇరవయ్యేళ్లుగా అలవాటు.

కానీ ఆ మాట ఇంటిదాకా మా వెంటే వచ్చింది. మా ఇంటి లోపలి గోడలు ఏనాడూ పచ్చగా లేవు. మేం పుట్టకముందు నుంచీ అవి నీలమే. ఎవరైనా లోపలికొచ్చి చూస్తే గదా తెలిసేది!

నల్లగొండలో మాది పెంకుటిల్లు. రంజాన్ నెల దగ్గర పడుతుంటే అబ్బా సున్నపురాళ్లు తెచ్చేవాడు. కుండలో వేసి నీళ్లు పోస్తే అది కుతకుత ఉడికేది. మమ్మల్ని దూరం జరగమనేవాళ్లు. చల్లారాక పాత గుడ్డలో వడగట్టి, గోడకు ఆనుకుంటే చొక్కాకు అంటకుండా కాస్త జిగురు కలిపేవాళ్లు. ఆ తర్వాత అమ్మీ వంతు. అబ్బా కుర్తాలకు పెట్టే నీలం పొట్లమే తెచ్చి కొంచెం కొంచెంగా కలిపేది. తడి మీద ముదురుగా కనిపించే రంగు ఆరితే తేలిపోతుంది. అందుకని తలుపు వెనక గోడ మీద ఒక పూత పూసి, అది ఆరేదాకా పీట వేసుకుని కూర్చునేది. చూసి తల అడ్డంగా ఊపేది. "నీలా నక్కో, ఆస్మానీ హోనా" అనేది. నీలం వద్దు, ఆకాశం రంగు కావాలి. మాకు ఆ రెండూ ఒకటే అనిపించేవి. ఆమెకు కాదు.

ఆ రంగుకు మా మతంతో పనిలేదు. చవక. ఉత్త సున్నం కొన్నాళ్లకు పసుపు తిరుగుతుంది, చిటికెడు నీలం వేస్తే తెల్లగా కనిపిస్తుంది, గుప్పెడు వేస్తే నీలమవుతుంది. సున్నం ఘాటుకు చాలా రంగులు వెలిసిపోతాయి, బట్టల నీలం మాత్రం తట్టుకుంటుంది. పక్కన సాలోళ్ల ఇంట్లోనూ, ఎదురుగా పంతులుగారింట్లోనూ అదే గోడ. వాళ్ల గోడకు లక్ష్మీదేవి పటం, మా గోడకు మక్కా మదీనా క్యాలెండరు. పటం వెనక గోడ ఒకటే.

పచ్చగా ఉండింది మా వీధి తలుపు ఒక్కటే. ఎవరో దర్గాకు వేయించగా మిగిలిన డబ్బా అబ్బాకు ఇచ్చారు. ఊరికే వచ్చింది కదా అని వేశాడు. అంతకుమించి దానికి అర్థం లేదు. అర్థం 1992 డిసెంబరులో వచ్చింది.

అప్పుడు మాకు పదకొండేళ్లు. బాబ్రీ మసీదు కూలిన మూడో రోజో నాలుగో రోజో, రాత్రి నిద్రలో టర్పెంటైను వాసన ముక్కుకు తగిలి లేచాం. అబ్బా కందిలి కింద పెట్టుకుని, తలుపు ఒక రెక్కే తెరిచి, దానికి చాక్లెట్ రంగు పూస్తున్నాడు. అమ్మీ కందిలికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. వెలుగు బజారులో పడకుండా. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. తెల్లారాక చూస్తే ఇంకా ఆరని రంగు మీద అబ్బా వేలిముద్రలున్నాయి. పక్కింటివాళ్లు చూశారు. రంగెందుకు మార్చావని ఎవరూ అడగలేదు. అడగకపోవడం మంచితనమా, మొహమాటమా, మాకు ఈనాటికీ అర్థం కాలేదు.

మా వీధిలో ఏమీ జరగలేదు, నిజమే. జరగలేదు కాబట్టి మాకేమీ కాలేదని అనుకుంటారు మీరు. అప్పట్నుంచి మా ఇల్లు రెండయింది. బయటికి చాక్లెట్, లోపల ఆస్మానీ. బయటి రంగు భయానిది, లోపలి రంగు మాది.

రెండు భాషల్లో బతికేవాళ్లకు రంగుకూడా ఒక్క పేరుతో ఊరుకోదు. ఉర్దూలో దెబ్బ తగిలి చర్మం కమిలితే 'నీల్' పడిందంటాం. తెలుగులో పుకారును నీలివార్త అంటారు. నీలిమందు తొట్టి సరిగా కుదరకపోతే అద్దకంవాళ్లు ఊళ్లో ఓ అబద్ధం పుట్టించేవాళ్లనీ, అది పాకితే తొట్టి దారికొస్తుందని నమ్మేవాళ్లనీ పెద్దలు చెబుతారు. పొద్దున ఉర్దూ పత్రికలు చదివి, రాత్రి తెలుగు డెస్కులో కూర్చునే మాకు ఈ రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఊళ్లో నీలివార్త పుట్టిన రాత్రి, ఎవరి ఒంటిమీదనో నీల్ పడుతుంది. ఆ రెంటికీ మధ్య మేం వార్త రాస్తుంటాం.

ఇక ఇప్పటి సంగతి. పెంకులు పోయి స్లాబు వచ్చింది. పాత తలుపు మాత్రం ఉంది. ఈసారి రంగుల మాట ఎత్తగానే హైదరాబాద్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు. "అబ్బా, అన్ని గదులకూ తెలుపేయించండి. రేపు అద్దెకివ్వాలన్నా, అమ్మాలన్నా, చూడగానే తుర్కోళ్ల ఇల్లని తెలియొద్దు" అన్నాడు.

మాకు కోపమొచ్చింది. అరిచాం కూడా. తర్వాత సిగ్గేసింది. వాడు రూము కోసం హైదరాబాద్‌లో తిరిగింది మాకు తెలుసు. టులెట్ బోర్డు చూసి లోపలికి పోతాడు. గది చూపిస్తారు, నీళ్ల టైము చెబుతారు, అడ్వాన్సు చెబుతారు. ఆఖర్న పేరడుగుతారు. పేరు చెప్పాక గది 'నిన్ననే మాట్లాడుకున్నారు' అవుతుంది. అబ్బా తలుపుకు రంగు పూశాడు. వీడు పేరుకు పూయలేక గోడలకు పూయమంటున్నాడు. ఆ రాత్రి కందిలి ఇంకా ఆరినట్టు లేదు.

అమ్మీని అడిగాం. ఎనభై దగ్గరపడ్డాయి ఆమెకు. ఈ మధ్యనే కుడికంటికి శుక్లం తీయించాం. ఎడమకంటికి ఇంకా తీయించాలి. ముదిరిన శుక్లం పసుపు తిరిగిన అద్దం లాంటిది, నీలాన్ని లోపలికి రానివ్వదని డాక్టరు చెప్పాడు. అమ్మీ తన గదిలో మంచం మీద కూర్చుని, ఒక అరచేత్తో ఒక కన్ను మూసి గోడ చూసింది. తర్వాత రెండో కన్ను మూసి చూసింది. "ఇస్ ఆంఖ్‌సే మైలా దిస్తా. ఇస్ ఆంఖ్‌సే ఆస్మానీ" అంది. ఈ కంటికి మురికి, ఈ కంటికి ఆకాశం. గోడ ఒకటే. కాసేపాగి, "ఇన్నేండ్లు నాకు ఈ రంగు ఎందుకు చూపియ్యలే?" అని మమ్మల్నే నిలదీసింది.

ఇంకేం అడుగుతాం?

షాపుకు పోతే కుర్రవాడు షేడు కార్డు చేతికిచ్చాడు. నీలాలే పేజీలకు పేజీలు. ఒకదానికి 'అజూర్' అని పేరు. "ఇంగ్లీషు రంగు సార్, బాగా పోతుంది" అన్నాడు. ఆ మాట వెనక ఉన్నది బదక్షాన్ గనుల్లో దొరికే నీలిరాయి. ఫారసీ వాళ్ల లాజవర్ద్ అరబ్బుల నోట్లోపడి, యూరపు పోయి అజూర్ అయింది. ఇప్పుడు డబ్బా మీదెక్కి నల్లగొండ కొచ్చింది. ఎవరూ దాన్ని నువ్వెక్కడినుంచి వచ్చావని అడగలేదు.

కార్డు మీద అగ్గిపెట్టెంత ముక్క చూసి రంగు ఎంచుకోకూడదని మేస్త్రీ చెప్పాడు. నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదాని మీద పడి, గదిలో అది ఇంకా ముదురుతుందట. మూడు చిన్న డబ్బాలు తెచ్చి అమ్మీ గదిలో రెండడుగుల పట్టీలు మూడు వేశాడు. పొద్దున, మధ్యాహ్నం, ట్యూబులైటు కింద, మూడు పూటలా చూశాం. కిటికీ ఉత్తరానికి ఉంది, ఎండ తగలదు. ముదురు నీలం ఆ గదిలో వానాకాలపు మబ్బులా దిగులుగా ఉంది. ఎండలో బాగున్న రెండోది రాత్రి పసుపు బల్బు కింద బూడిద తిరిగింది. మూడోది, పాలల్లో ఆకాశం కలిపినట్టున్నది, నిలబడింది.

పట్టీలు వేస్తూ మేస్త్రీ నవ్వాడు. "నీలం మా జెండా గదా సార్. మీది పచ్చ గదా?" అతని ద్విచక్రవాహనం మీద అంబేడ్కర్ బొమ్మ ఉంది. పంతులుగారి రోజుల్లో అతని తాత ఆ ఇంటి గడప దాటి ఉండడు. "మీ జెండాలోంచి ఒక గది మందం ఇవ్వు భాయ్" అన్నాం. "ఒక గదేంది సార్, ఇల్లంతా తీస్కోండ్రి" అన్నాడు. డెస్కు పెద్దాయన మాటకూ ఈ మాటకూ తేడా ఏమిటని ఆలోచించాం. అక్కడ నవ్వి ఊరుకున్నాం. ఇక్కడ నవ్వొచ్చింది.

ఆ వారమే హైదరాబాద్ పోయి అబ్బాయిని వెంటబెట్టుకుని పాతబస్తీలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా చూపించాం. మొహమ్మద్ కులీ కుతుబ్ షా 1590ల్లో కట్టించింది. గోడల నిండా పెంకుల పనితనం, నీలాలూ పసుపులూ. 1908లో మూసీ వరద వచ్చినప్పుడు కిందిభాగం పెంకులు పాడైతే, ఆ మేరకు రంగుతో అదే నమూనా గీసి పూరించారు. దగ్గరికి పోతే తేడా తెలుస్తుంది. అబ్బాయి పెంకుకూ పూతకూ మధ్య గీత దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మేం ఉపన్యాసం ఇవ్వలేదు. బయటికొచ్చాక, "దాదీ గదికి ఆస్మానీ వేయండి. నా గదికి తెలుపే" అన్నాడు. సరేనన్నాం. వాడి భయం వాడి తప్పు కాదు. దాన్ని మా రంగుతో కప్పితే అబ్బా చేసిన పనే మేమూ చేసినట్టు.

అమ్మీ గదికి రెండు కోట్లు అయ్యాయి. పైకప్పు తెల్లగా వదిలాం. ఆమె ఇంకా ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి గోడలు చూసుకుంటోంది. ఎడమకంటికి ఆపరేషనెప్పుడని అడుగుతోంది, తొందరగా చేయించమంటోంది.

తలుపు మిగిలింది. మేస్త్రీ గీకితే చాక్లెట్ కింద పచ్చ బయటపడింది, అబ్బా వేలిముద్రలతో సహా. ఏ రంగు వేయాలో మేమింకా తేల్చుకోలేదు.

సాబ్, ఈద్‌కు మా ఇంటికి రండి. తలుపు దగ్గరే ఆగిపోకండి.