కందులన్నం తినే అమెరికా

హెచ్‌1బీ మీద అమెరికాలో ఉన్న మనవాళ్లు వీసా స్టాంపింగ్ బెంగ లేకుండా చూసి రాగలిగే కరేబియన్ దీవి ప్యూర్టోరికో. డాలరే చెల్లుతుంది, పోస్టాఫీసు కూడా అమెరికాదే. 1917 నుంచీ ఇక్కడివాళ్లు అమెరికా పౌరులు. అయినా దీవిలో ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు.

ఓల్డ్ శాన్ హువాన్‌లో నీలిరాళ్లు పరిచిన వీధులు, సముద్రం అంచున ఎల్ మోర్రో కోట చూసేసి, నలుగురు ఫ్రెండ్స్‌మి కారు అద్దెకు తీసుకుని కాఫీ తోటలుండే కొండల్లోకి వెళ్లాం. దిగిన ఇంటావిడ రాత్రికి ‘అరోస్ కోన్ గాందూలెస్’ వండింది. గిన్నె మూత తీస్తే అన్నంలో కందులు! సాక్షాత్తూ మన కందులే.

‘‘బియ్యం ఇక్కడ పండుతాయా?’’ అనడిగాను. ‘‘ఓడలో పండుతాయి’’ అని నవ్విందావిడ. జోకే గానీ నిజం. దీవిలో తినేదాంట్లో దాదాపు 85 శాతం బయటినుంచి రావాల్సిందే.

మర్నాడు ఊళ్లో కొట్టు దగ్గర ఒక పెద్దాయన కార్డు గీకి సరుకులు తీసుకున్నాడు. ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం కార్డు అది. జనం ఇప్పటికీ పాత అలవాటుకొద్దీ ‘కూపన్లు’ అంటారట. ఆ కార్డు వెనక పెద్ద కథే ఉంది.

అమెరికా రాష్ట్రాల్లో ఫుడ్ స్టాంపులకు అర్హులు పెరిగితే నిధులూ పెరుగుతాయి. ప్యూర్టోరికోలోనూ మొదట అదే పద్ధతి. 1982లో దాన్ని మార్చేశారు. రూల్స్ కొంతవరకు మీరే రాసుకోండి, డబ్బు మాత్రం ఏడాదికి ఇంతే అన్నారు. వినడానికి స్వేచ్ఛే. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను వచ్చినప్పుడు ఆ ‘ఇంతే’ అన్నమాట బరువేమిటో తెలిసింది. అదే విపత్తు ఒక రాష్ట్రానికి వస్తే అత్యవసర ఆహార సాయం పథకం వెంటనే మొదలుపెట్టొచ్చు. ప్యూర్టోరికో మాత్రం కాంగ్రెస్ దాకా వెళ్లి అడగాల్సి వచ్చింది. మంజూరైన 127 కోట్ల డాలర్ల అదనపు సాయం 2018 మార్చిలో గానీ కార్డుల్లోకి రావడం మొదలు కాలేదు. ఆకలి ఆర్నెల్లు ఆగుతుందా?

దీవులన్నిటికీ ఇదే రూలా అంటే, కాదు. పసిఫిక్‌లోని గువామ్‌కి మామూలు ఫుడ్ స్టాంపులే ఇస్తారు. పైగా అక్కడ ధరలెక్కువని గరిష్ఠ మొత్తం కూడా పెంచి ఇస్తారు.

ఇంకో చిక్కు ఇళ్లది. మా ఇంటావిడ వాళ్ల తాత కట్టిన ఇల్లు చూపించి, ‘‘కాగితం లేదు, కానీ మాదేనని ఊరందరికీ తెలుసు’’ అంది. మన ఊళ్లలోనూ తాతల పేరు మీదే ఉండిపోయిన ఇళ్లు ఎన్ని లేవు! తుపాను తర్వాత ఇంటి రిపేరు సాయానికి ఫెమా సంస్థ యాజమాన్య రుజువు అడిగింది. అది చూపలేక వేల దరఖాస్తులు తిరస్కరణ పాలయ్యాయి. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, నాకు వెంటనే అర్థమైంది. ఫారంలో ఎర్ర స్టార్ పెట్టిన గడి ఖాళీగా ఉంటే సబ్మిట్ బటన్ పనిచేయదు. ఆ గడి పెట్టినవాడికి ఈ కొండల్లో ఇళ్లు ఎలా చేతులు మారతాయో తెలీదు. స్థానిక లాయర్లు పట్టుబడితే, 2018లో సొంత ప్రమాణపత్రం కూడా రుజువుగా తీసుకోవడానికి ఫెమా ఒప్పుకుంది. 2021లో యాజమాన్య రుజువు నిబంధనల్ని దేశమంతటికీ సడలించింది.

‘దీవికి తగ్గట్టు మార్చాం’ అన్నమాట ఒకటే. 1982లో దానర్థం డబ్బుకి మూత పెట్టడం. 2018లో మనిషి మాట నమ్మడం. అందుకే ఎవరైనా పథకాన్ని స్థానికంగా మార్చామంటే, ఏం మార్చారో ఒకసారి అడగాలి. రూలా, పరిమాణమా?

మీరు ప్యూర్టోరికో వెళ్తే బీచ్‌ల దగ్గరే ఆగిపోకండి. ఒక్క రాత్రయినా కొండల్లో ఉండండి. కందులన్నం అడిగి మరీ తినండి.