కేసు షీటులో లేని రాత్రి

వరంగల్‌లో చాలాకాలంగా ప్రాక్టీసు చేస్తున్న ఓ ఫిజీషియన్ దగ్గరికి అభిప్రాయం కోసం ఒక కేసు షీటు వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రిలో డెంగీతో చనిపోయిన మనిషిది. రాత్రి 10 గంటలకు బి.పి. 110/70. కింద ‘స్టేబుల్, సి.ఎస్.టి.’ అని ఉంది. అంటే నిలకడగా ఉన్నాడు, అదే వైద్యం కొనసాగించండి అని. తర్వాతి నమోదు పొద్దున 6 గంటలకు: బి.పి. 70కి పడిపోయింది. మధ్యలో ఖాళీ కాగితం.

మూడుసార్లు పిలిచినా ఎవరూ రాలేదని ఇంటివాళ్లంటారు. డ్యూటీ డాక్టరు వచ్చి చూశాడని, సెలైన్ పెంచాడని నర్సు అంటుంది. నిజంగానే వచ్చి ఉండవచ్చు. చేయాల్సిందంతా చేసి కూడా ఉండవచ్చు. కానీ ఆ ఎనిమిది గంటల గురించి కాగితం ఏమీ చెప్పడం లేదు. నిర్లక్ష్యం జరిగిందనడానికీ, జరగలేదనడానికీ ఆ ఫిజీషియన్‌కు ఆధారం దొరకలేదు.

ఖాళీ కన్నా ప్రమాదకరమైనది ఆయన ఇంకో కేసులో చూశారు. మూడు రోజుల నోట్సు ఒకే పెన్నుతో, ఒకే వాలులో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. పక్కనే నర్సు రాసిన మందుల చార్టులో అదే ఇంజెక్షన్ ఒకరోజు ఆలస్యంగా మొదలైంది. ఫిర్యాదు వచ్చాక కూర్చుని రాసిన రాత అది. ఇలాంటిది కంప్యూటర్లోనూ దాగదు. బ్రిటన్‌లో రోగులను చంపిన డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ రికార్డులను వెనకటి తేదీలతో మార్చాడు. ఏ మార్పు ఏ రోజు, ఏ గంటకు జరిగిందో కంప్యూటరే బయటపెట్టింది. 2000 జనవరిలో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. అది హత్యల కేసు, ఇక్కడి కేసులతో పోలిక లేదు. రికార్డు దిద్దినవాడిని ఆ రికార్డే పట్టిస్తుందన్న సంగతి మాత్రం రెండుచోట్లా ఒకటే.

మన దగ్గర చట్టం స్పష్టంగానే ఉంది. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి గానీ, అతని తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రికార్డులు ఉంచకుండా, అడిగినా ఇవ్వకుండా ఉంటే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. రుజువైతే డాక్టరు పేరును రిజిస్టరు నుంచి కొంతకాలం గానీ శాశ్వతంగా గానీ తొలగించే అధికారం రాష్ట్ర వైద్య మండలికి ఉంది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చి, అదే నెలలో వాటిని నిలిపివేసింది. దాంతో 2002 నాటివే మళ్లీ అమల్లోకి వచ్చాయి.

ఆ 3 ఏళ్ల గడువు చాలదు. ఎందుకు చాలదో హైదరాబాద్ నిమ్స్ కేసు చెబుతుంది. 1990లో ప్రశాంత్ అనే ఇంజినీరింగ్ విద్యార్థికి అక్కడ ఛాతీలోని గడ్డకు ఆపరేషన్ చేశారు. కాళ్లు చచ్చుబడిపోయాయి. ఆయన సమ్మతి ఇచ్చింది బయాప్సీకే, గడ్డ మొత్తం తొలగించడానికి కాదని సుప్రీంకోర్టు తేల్చింది. చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్న ప్రశాంత్‌కు 2009 మే నెలలో కోటి రూపాయల పరిహారం దక్కింది. ఆపరేషన్‌కూ తీర్పుకూ మధ్య దాదాపు 19 ఏళ్లు! అప్పటి సమ్మతి పత్రంలో ఏముందన్నదే అంతకాలం తర్వాత కూడా కేసుకు కీలకమైంది.

డాక్టర్ల ఇబ్బంది కాదనలేం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి కూడా రోగులు తరలివచ్చే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్‌కు చెయ్యి పడేది ముందు రోగి మీద, తర్వాతే పెన్ను మీద. అలాగే ఉండాలి కూడా. అయితే రోగి కుదుటపడ్డాక రెండు నిమిషాలు ఆగి, రెండు వాక్యాలు రాసి, సమయం వేసి, సంతకం పెట్టడం వైద్యంలో భాగమే. తెల్లారి డ్యూటీ మారాక వచ్చే డాక్టరుకు ఆ రెండు వాక్యాలే ఆధారం.

రాసింది చదవగలిగేలా కూడా ఉండాలి. గొలుసుకట్టు చీటీల మీద నల్లగొండ ఫార్మసిస్టు చిలుకూరి పరమాత్మ 2014లో హైకోర్టుకెక్కారు. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలన్న సవరణ 2002 నియమావళికి 2016లో వచ్చింది.

ఆ ఫిజీషియన్ దగ్గరికి ఈ మధ్య పరకాల వైపు నుంచి ఓ కొడుకు తండ్రిని తీసుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒకే ఒక్క చీటీ.

“గక్కడ బాపుకు ఏం సూదులిచ్చిన్రో మాకెరుకలేదు సార్. కాయితాలడిగితే రేపు రా, ఎల్లుండి రా అన్నరు.”

పెన్సిలిన్ పడుతుందో లేదో, కిడ్నీ మీద ఏ మందు పనిచేసిందో తెలియకుండానే చికిత్స మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. పరీక్షలన్నీ మళ్లీ చేయించారు, డబ్బు మళ్లీ కట్టించారు.

ఇలాంటి చోట నోటిమాటగా అడిగి ఊరుకోవద్దు. కేసు షీటు నకలు కావాలని తెల్లకాగితం మీద రాసివ్వండి. అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. 72 గంటలు దాటినా ఇవ్వకపోతే, ఆ కాగితం జత చేసి తెలంగాణ వైద్య మండలికి ఫిర్యాదు పంపండి.