మా సీమలో మ్యూజియములు

మ్యూజియం చూడాలంటే హైదరాబాదో మద్రాసో పోవాలని మా ప్రొద్దుటూరు పిల్లలు అనుకుంటారు. అంత దూరం దేనికి? కడపలో 1982లో పెట్టిన భగవాన్ మహావీర్ మ్యూజియం ఉంది. జిల్లాలో దొరికిన రాతి విగ్రహాలు అక్కడ చూడవచ్చు. జమ్మలమడుగు పక్కన మైలవరంలో పురావస్తుశాఖ వారిది మరొకటి ఉంది.

కాని, నేను మా అన్న పిల్లలను ముందుగా తీసుకుపోయింది కలమళ్ళకు. అది ఎర్రగుంట్ల దగ్గరి చిన్న ఊరు. అక్కడి గుడి ఆవరణలో ఒక శాసనం ఉంది. రేనాటి చోళుడు ధనంజయుని కాలంలో, సుమారు క్రీ.శ. 575లో, చెక్కినది. అంతకుముందు తెలుగునాట శాసనాలు ప్రాకృతంలోనో సంస్కృతంలోనో వేసేవారు. పూర్తిగా తెలుగులో వేసినవాటిలో, ఇంతవరకు తెలిసినంతలో, ఇదే మొదటిది! చాలా అక్షరాలు అరిగిపోయాయి.

"చిన్నాయనా, దీన్ని కడపకు తీసుకుపోయి అద్దాల బీరువాలో పెట్టరాదా?" అని పాప అడిగింది.

ఎండకూ వానకూ రాయి అరుగుతుంది, నిజమే. అయితే, ఊరు విడిచిన శాసనం ఏ ఊరి మాట చెబుతున్నదో చూసేవాడికి తోచదు. అక్కడే ఉంచి కాపాడటం మేలన్నాను. పాప ఒప్పుకోలేదు.

పులివెందుల వైపు పోతే ఇంకా పాతవి ఉన్నాయి. వేంపల్లె రాళ్ళలో ఉల్లిపొరల వంటి గుర్తులు కనబడతాయి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. ఒకప్పుడు ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. అందులో కంటికి కనబడని జీవులు పొర మీద పొరగా కట్టినవే అవి. ఆ పొరల తరువాత చొచ్చుకువచ్చిన అగ్నిశిల వయస్సే 188 కోట్ల ఏళ్ళు! అక్కడ టిక్కెట్టు లేదు, కావలివాడూ లేడు. ఆ ప్రాంతంలో ముగ్గురాయి గనులు మాత్రం ఉన్నాయి, కనుక పోయేవాళ్ళు ఆలస్యం చేయకండి.